లెక్కలో రాయని గంటలు

గుంటూరు నుంచి విజయవాడ వైపు జాతీయ రహదారిపై బయలుదేరితే నగరం దాటిన కొద్దిసేపటికే పెదకాకాని వస్తుంది. ఆదివారం ఈ ఊరు తిరునాళ్లను తలపిస్తుంది. మల్లేశ్వరస్వామి ఆలయానికి కొత్త వాహనాలతో వచ్చేవారు ఒకవైపు, బాజీ బాబా దర్గాకు వచ్చేవారు మరొకవైపు. బాజీ అన్న పేరు ఈ ప్రాంతంలో ముస్లింల ఇళ్లలోనే కాదు, హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది.

వీరిద్దరితో సంబంధం లేని మరో సమూహం కూడా ఇక్కడ బస్సు దిగుతుంది. తలపై కొంగు కప్పుకొన్న వృద్ధులు, భుజాన తువ్వాలు వేసుకొన్న రైతుకూలీలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని నెమ్మదిగా నడుస్తారు. వారు శంకర కంటి ఆసుపత్రికి వచ్చినవారు. 1977లో కోయంబత్తూరులో రమణి దంపతులు చిన్న వైద్యశాలగా మొదలుపెట్టిన సేవ ఇక్కడిదాకా విస్తరించింది. పల్లెల్లో శిబిరం పెట్టి కళ్లు పరీక్షిస్తారు. శుక్లం ముదిరినవారిని బస్సులో తెచ్చి, శస్త్రచికిత్స చేసి, భోజనం పెట్టి, తిరిగి ఊరికి చేరుస్తారు. పేదల నుంచి రుసుము తీసుకోరు. చెల్లించగలిగినవారి రుసుము, దాతల విరాళాలు ఈ ఖర్చును భరిస్తాయి. ఆ దాతలలో అమెరికాలో స్థిరపడిన మన దేశస్థులు ఎందరో ఉన్నారు.

గడిచిన వేసవిలో అమెరికా నుంచి మా ఇంటికి విరాళానికి బదులు ఒక పిల్లవాడే వచ్చాడు. న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలి కుమారుడు వైద్యవిద్యకు దరఖాస్తు చేయబోతున్నాడు. "మామూ, నాకు సేవ చేసిన గంటలు కావాలి" అన్నాడు వచ్చిన మరునాడే. సేవకు గంటల లెక్క ఏమిటో మాకు మొదట బోధపడలేదు.

అతడే వివరించాడు. అక్కడ వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో మార్కులతోపాటు 15 వరకు అనుభవాలను నమోదు చేయవచ్చు. ఒక్కొక్క దానికి ఎన్ని గంటలు వెచ్చించారో, దానిని ఎవరు ధ్రువీకరిస్తారో రాయాలి. వాటిలో మూడింటిని తనకు అత్యంత విలువైనవిగా ఎంచుకొని, ఎందుకో వివరించవచ్చు. రోగి ముఖం చూడనివాడు వైద్యుడు కారాదన్నది అందులోని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే లెక్క ఉన్నచోట ఆ లెక్కను పెంచాలన్న ఆశ కూడా పుడుతుంది.

మన దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ర్యాంకు వస్తే సీటు వస్తుంది. ఎవరికి ఎన్ని గంటలు సేవ చేశావని ఏ కౌన్సెలింగ్‌లోనూ అడగరు. అందుకే ఇంటర్ రెండేళ్లూ హాస్టల్ గదిలో గడిపే మన పిల్లలు పక్కింటి ముసలమ్మకు మందు చుక్కలు వేయడానికి కూడా తీరిక లేదంటారు. తల్లిదండ్రులుగా మనమూ దానిని సమర్థిస్తాం. అక్కడ సేవను లెక్కించడం వల్ల ప్రదర్శనాబుద్ధి ప్రవేశించే ప్రమాదం ఉంది. ఇక్కడ లెక్కించకపోవడం వల్ల సేవే లేకుండా పోతోంది.

మాకు పరిచయమున్న ఒక సేవాసంస్థ పెదకాకాని చుట్టుపక్కల పల్లెల్లో నడిపే కంటి శిబిరాలలో అతడిని చేర్చాము. పేర్లు రాయడం, వరుసలో కూర్చోబెట్టడం, చేయి పట్టి నడిపించడం మాత్రమే అతడి పని. శిక్షణ లేని విద్యార్థులు పరదేశాలకు వెళ్లి రోగులకు చికిత్స చేయరాదని అమెరికా వైద్య కళాశాలల సంఘమే హెచ్చరించింది. కనుక మందు సీసాను కూడా ముట్టవద్దని ముందే చెప్పాము. అతడు ప్రతిరోజూ నాలుగు గంటలు పనిచేసి, వెళ్లేముందు ఫోనులో రాసుకొనేవాడు. అది చూసినప్పుడల్లా మా మనసు చివుక్కుమనేది. సహీహ్ బుఖారీ సంకల్పాన్ని గురించిన హదీసుతోనే మొదలవుతుందని ఒక రాత్రి అతడికి పాఠంలా చెప్పాము కూడా. అతడు మర్యాదగా విన్నాడు.

ఒకరోజు మేమూ శిబిరానికి వెళ్లాము. బడి వరండాలో గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు కనిపించారు. మా మద్రసా పైకప్పు మరమ్మతుకు సాయం చేస్తారన్న ఆశతో ఆయనతో మాటల్లో పడ్డాము. ఇంతలో రెండు కళ్లలోనూ శుక్లం ముదిరిన ఒక పెద్దాయన గోడ తడుముకుంటూ మా దగ్గరికి వచ్చి, "బాబూ, నీళ్లు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. మేము మాట ఆపకుండా చేత్తో కుళాయి వైపు చూపించాము. చూపు లేనివాడికి చేత్తో దారి చూపించాము! ఆయన అక్కడే నిలబడిపోయాడు.

మేనల్లుడు దూరం నుంచి చూసి పరుగున వచ్చాడు. వచ్చీరాని తెలుగులో "రండి తాతా" అని చేయి పట్టుకొని తీసుకువెళ్లి, నీళ్లు తాగించి, తిరిగి తెచ్చి కూర్చోబెట్టాడు.

దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస'ను మేము ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధిస్తున్నాము. దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులకు ధర్మాన్ని వివరిస్తున్న సమయంలో అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (ర) జ్ఞానం కోరి వచ్చారు. మాటకు అంతరాయం కలిగినందుకు దైవప్రవక్త (స) నుదురు ముడిపడింది. దానిపై అల్లాహ్ ఆ సూరాను అవతరింపజేశాడు. తరువాతి కాలంలో అదే సహచరుడికి మదీనా బాధ్యతలు అప్పగించి దైవప్రవక్త (స) ప్రయాణమైన సందర్భాలున్నాయి. ఇంత తెలిసిన మేమే పైకప్పు కోసం ఒక అంధుడి నుంచి ముఖం తిప్పుకొన్నాము. గంటల కోసం వచ్చినవాడు చేయి అందించాడు. ఆ రాత్రి సంకల్పం గురించి పాఠం చెప్పడానికి మాకు నోరు రాలేదు.

తిరుగు ప్రయాణం దగ్గరపడింది. పదకొండు రోజులకు 44 గంటలయ్యాయి. శిబిరాల దగ్గర అతడి పనిని చూసిన పెద్దగా ధ్రువీకరణ లేఖ మేమే రాయాలి. చెల్లెలు ఫోను చేసింది. "భాయీజాన్, అక్కడ పిల్లలు వందల గంటలు చూపిస్తారు. వందని రాయండి. మీరు రాస్తే ఎవరు కాదంటారు?" అంది. ఆ చివరి మాటే మమ్మల్ని భయపెట్టింది. ఎవరూ కాదనరన్న నమ్మకం మీదనే సాక్ష్యానికి విలువ నిలుస్తుంది. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోరపాపాలలో ఒకటిగా పేర్కొన్నారు. చెల్లెలి కంట నీరు చూడలేని బలహీనత మాకూ ఉంది. ఉత్తరం ముందు పెట్టుకొని ఇషా నమాజ్ వరకు కూర్చున్నాము. చివరకు 44 అని రాశాము. వాటి కింద ఆ పెద్దాయన సంగతి, అందులో మా తప్పుతో సహా, ఉన్నది ఉన్నట్లు రాశాము.

మేనల్లుడు చదివి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. "అమ్మీతో నేను మాట్లాడతాను మామూ" అన్నాడు.

మరునాడు శస్త్రచికిత్స పూర్తయినవారిని బస్సు పల్లెకు తిరిగి తెస్తుందని తెలిసి, తీసుకువెళ్లమన్నాడు. మేము చేరేసరికి బస్సు వచ్చింది. పెద్దాయన నల్లకళ్లద్దాలతో దిగి, ఎదుట నిలిచిన పిల్లవాడిని ఎగాదిగా చూశాడు. ఇంతకుముందు చూసింది లేదు కనుక గుర్తుపట్టలేదు. "తాతా" అన్న పిలుపు వినగానే రెండు చేతులూ చాచాడు. వారిద్దరూ వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు మేనల్లుడు ఫోను తీయలేదు. ఆ పూట లెక్కలోకి రాలేదు.

ఫలాపేక్షతో మొదలైన మంచిపని అక్కడే ఆగిపోవాలని లేదు. చేస్తుండగా సంకల్పం శుభ్రపడవచ్చు. మొదట శుభ్రంగా ఉన్నదానికి మధ్యలో మసి పట్టనూవచ్చు, మాకు పట్టినట్లు. పిల్లలకు సంకల్పాన్ని బోధించే పెద్దలు ముందుగా తమ సంకల్పాన్ని తడిమి చూసుకోవాలి. వైద్యవిద్యకు సిద్ధపడుతున్న పిల్లలున్న ఇళ్లవారికి మా విన్నపం ఒక్కటే. మార్కులు లేవని సేవను మానిపించకండి, సీటు వస్తుందని సేవను పెంచి చెప్పకండి. నెలకు ఒక్క ఆదివారమైనా మీ బిడ్డను ఒక రోగి పక్కన కూర్చోనివ్వండి. ఆ గంటలను మీరు రాయకపోయినా రాసే దూతలున్నారు.

అల్లాహ్ మన సంకల్పాలను పరిశుద్ధం చేయుగాక. ఆమీన్.