గంట ఆలస్యం, నాలుగు అడ్రస్‌లు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీదుంది వర్ధన్నపేట. అక్కడి నుంచి అమెరికాలోని డాలస్ ఎంత దూరమని అడిగితే ఇక్కడి అవ్వలు కిలోమీటర్లలో చెప్పరు. ‘మనకు పొద్దుగూకితే వాళ్ళకు తెల్లారుతది’ అంటారు. లెక్క దాదాపు సరిపోతుంది. అక్కడ ఎండాకాలమైతే తేడా పదిన్నర గంటలు, చలికాలమైతే పదకొండున్నర. చిక్కంతా ఆ ఒక్క గంట దగ్గరే. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే అక్కడ పొద్దున పదికి, కొడుకు వీడియో కాల్ చేస్తాడు. తల్లి ముందే అన్నం తిని, ఫోన్‌కు చార్జింగ్ పెట్టి, కొంగు సర్దుకొని కూర్చుంటుంది. నవంబర్ మొదటి ఆదివారం మాత్రం ఫోన్ మోగదు. తొమ్మిదవుతుంది, అయినా మోగదు. ‘పిల్లగాడు మంచిగున్నడో లేదో’ అని పక్కింటి దాకా కబురు పోతుంది. తొమ్మిదిన్నరకు కొడుకు తీరిగ్గా మోగిస్తాడు. అతని గడియారంలో అప్పుడే పదయింది మరి!

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కు తెస్తారు. 2007 నుంచి ఇవే తేదీలు. మనకు ఆ తిప్పలు లేవు. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకొని గుజరాత్ నుంచి అరుణాచల్ దాకా అందరం ఒకే టైం చెప్పుకుంటాం. అట్లని నవ్వడానికీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 దాకా, బ్రిటిష్ ఇండియా కూడా గడియారాన్ని గంట ముందుకు జరిపి నడిపింది. ఆ రోజుల్లో డాలస్‌లో కొడుకులు లేరు కాబట్టి ఎవరూ ఎదురుచూడలేదు.

కాల్ కలిసిన తర్వాత మొదటి నాలుగు నిమిషాలు కనిపించేది సీలింగ్ ఫ్యాన్. ఆ తర్వాత తాత చెవి. ఫోన్ అన్నాక చెవికి పెట్టుకోవాలి కదా, ముఖానికి పెట్టుకునే ఫోన్ ఆయన ఎరగడు. పైగా గట్టిగా అరుస్తాడు. దాని వెనుక చరిత్ర ఉంది. ట్రంకాల్ బుక్ చేసి కూర్చున్న తరం అది, అరిస్తే తప్ప అవతలికి వినబడేది కాదు. తర్వాత పసుపు, నలుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి నిద్ర ఆపుకొని క్యూ కట్టేవాళ్ళు. ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే గబగబా అరిచి పెట్టేయడమే. సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో వచ్చే కాల్‌కూ డబ్బులు కోసేవారు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. మిస్డ్ కాల్ అనే గొప్ప భాష కూడా ఆ రోజులదే. ఒక రింగైతే బస్సెక్కాను, రెండైతే దిగాను. మాటకు ఇంత ఖరీదు పెట్టిన మనిషిని ఇప్పుడు నెమ్మదిగా, ఉచితంగా మాట్లాడమంటే ఎట్లా?

ఇంట్లో ఎవరి ఫోన్ వాళ్ళ చేతిలో సక్రమంగా పనిచేస్తున్నంతసేపు నలుగురూ నాలుగు గదుల్లో ఉంటారు. ‘గీ ఫోన్ల ఏమో అయింది, చూడు బిడ్డా’ అన్న కేక వినబడితేనే అందరూ ఒక మంచం మీదికి చేరతారు. ఫోన్‌లో ఫారం నింపాల్సి వచ్చినా అంతే. ఈ విషయంలో కుటుంబాలకు ఆన్‌లైన్ దరఖాస్తులు చేసిన మేలు తక్కువది కాదు.

కొడుకు డాలస్ నుంచి ఏదో ఫారం నింపుతూ ‘మన జిల్లా ఏది బాపూ?’ అని అడుగుతాడు. నవ్వుకోవాల్సిన ప్రశ్న కాదది. ఇల్లు గజం కూడా కదలలేదు, అడ్రస్ మాత్రం తిరుగుతూనే ఉంది. 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్, వరంగల్ జిల్లా. ఆ తర్వాత తెలంగాణ, వరంగల్ జిల్లా. 2016 దసరాకు జిల్లాలు విడదీస్తే వరంగల్ రూరల్. 2021లో పేర్లు మార్చినప్పుడు మళ్ళీ వరంగల్. మధ్యలో 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. ఆధార్‌లో ఒక జిల్లా, బ్యాంకు పుస్తకంలో ఒక జిల్లా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో రాష్ట్రం. కంప్యూటర్ మాత్రం పట్టీలోంచి ఒక్కటే ఎంచుకోమంటుంది.

ఈ చరిత్ర పుస్తకాల్లో వెతకనక్కర్లేదు, వాకిట్లో బండ్ల నంబర్ ప్లేట్లు చూస్తే చాలు. తాత పాత స్కూటర్ మీద ఏపీ 36. తండ్రి 2015లో కొన్న బైకు మీద టీఎస్ 03. జిల్లా విడిపోయాక కొన్నదాని మీద టీఎస్ 24. 2024 మార్చి తర్వాత మనవరాలికి కొన్న స్కూటీ మీద టీజీ 24. నాలుగూ ఒకే చింతచెట్టు కింద నిలబడతాయి.

అయితే ఫోన్ పాడైతే చూసే కొడుకు కూడా వేలు పాడైతే ఏమీ చేయలేడు. రేషన్ షాపులోని ఈ-పాస్ మిషన్ ముందు పత్తి ఏరిన, నాట్లేసిన, ఏళ్ళకేళ్ళు బోళ్ళు తోమిన వేళ్ళు ఓడిపోతాయి. ముద్రలు అరిగిపోయి ఉంటాయి. కొబ్బరినూనె రాసి, కొంగుతో తుడిచి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు పెట్టి చూస్తారు. కనుపాపతోనూ గుర్తుపట్టే ఏర్పాటుంది గానీ, డీలర్లు ముందడిగేది వేలే.

2023లో రేషన్ కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ వేలిముద్ర పెట్టి ఈ-కేవైసీ చేయించుకోవాలన్నప్పుడు ఈ మిషనే చెదిరిన కుటుంబాలను పిలిపించింది. రాష్ట్రంలో ఏ షాపులోనైనా వేలు పెట్టవచ్చన్నా, చాలామంది సంక్రాంతికి, అయినవోలు మల్లన్న జాతరకు ఎట్లాగూ వస్తామని, ఊరికి వచ్చే దాకా వాయిదా వేసుకున్నారు. గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం పేరు ఎగిరిపోతుందేమోనన్న గుబులు పట్టుకుంది. పండుగ పూట రేషన్ షాపు ముందు చూడాలి. హైదరాబాద్ కొడుకు బొటనవేలు ఆనించగానే మిషన్ ఒప్పుకుంటుంది. తల్లిది నాలుగోసారికీ ఒప్పుకోదు.

‘సాఫ్ట్‌వేర్ వేలు గద అవ్వా, కొత్తగున్నది’ అంటాడు డీలర్.

‘అయితే వాని వేలే రెండుసార్లు తీసుకో’ అంటుంది ఆమె.

అంతలో సర్వర్ పోతుంది. లైన్లో ఉన్నవాళ్ళంతా చెప్పులు వరుసలో వదిలి చాయ్‌కి నడుస్తారు.