మూగోళ్ల వారసుడు

ఇంగ్లీషు కవిత్వమంటే నాకు చాన్నాళ్లు డిగ్రీ పాఠాల్లోని డాఫోడిల్ పూలు, నైటింగేల్ పిట్టలే. వాటిని మా వాడల ఎవరూ చూసింది లేదు. టోనీ హారిసన్‌ను చదివినంక, ఆ దేశంలో కూడా నోరు లేనోళ్లు ఉన్నరని, వాళ్ల ఇండ్లల్ల నుంచి కూడా కవి పుడతడని తెలిసింది.

హారిసన్ 1937లో లీడ్స్ పట్నంలో పుట్టిండు. తండ్రి రొట్టెలు కాల్చే పనోడు. స్కాలర్‌షిప్ వచ్చి పెద్ద బళ్లె పడ్డడు. లాటిన్, గ్రీకు నేర్చిండు. నేర్చిన కొద్దీ ఇంటికి దూరమైండు. 2025లో చనిపోయేదాకా ఆయనను ఆ దూరమే రాయించింది.

‘దెమ్ అండ్ ఉజ్’ అనే పద్యంల పిల్లగాడు కీట్స్ కవిత చదువుతుంటే, లీడ్స్ యాస విని పంతులు మధ్యలనే ఆపేస్తడు. పద్యం రాజుల నోటిది, నీలాంటోళ్లకు నవ్వించే వచనం చాలంటడు. నాటకంల తాగుబోతు కాపలావాడి వేషం ఇస్తడు. పెద్దయినంక హారిసన్ ఆ పంతులుకు జవాబు చెప్తడు. కీట్స్‌దీ లండన్ గల్లీ యాసనే. వర్డ్స్‌వర్త్ ప్రాసలు కూడా ఆయన సొంత యాసల పలికితేనే కుదురుతయి.

ఇది చదివినప్పుడు నాకు ఎనిమిదో తరగతి కండ్ల ముందు మెదిలింది. పద్యం అప్పజెప్తుంటే మా తెలుగు సారు, “మీ నోటికి పద్యమెందుకురా, డప్పు సరిపోతది” అన్నడు. క్లాసంత నవ్వింది. ఆ మాటకు జాషువా 1941లోనే ‘గబ్బిలం’ రాసి జవాబిచ్చిండు. వాళ్ల వృత్తాల్లనే వాళ్లను నిలదీసిండు. హారిసన్ చేసిందీ అదే. పదహారు పాదాల సానెట్‌ల రొట్టెల పనోని మాటను కూసోబెట్టిండు.

‘హెరెడిటీ’ అనేది నాలుగు పాదాల పద్యం. ఈ కవిత్వం నీకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఇంట్ల ఇద్దరు పెద్దోళ్లున్నరని చెప్తడు. ఒకాయనకు నత్తి, ఇంకొకాయన మూగ. అంతే పద్యం. మన కావ్యాల అవతారికల్లో కవులు తాతల పాండిత్యం, వంశం, గోత్రం చెప్పుకున్నరు. మనమేం చెప్పుకోవాలె? మా తాత లంద కాడ బతికిండు. దొర ముంగట చెప్పులు చేతబట్టుకొని నిలబడ్డడు, నోరు తెరువలేదు. ఆయన మింగిన మాటలే నాకు వచ్చిన ఆస్తి అని ఈ పద్యం చెప్పింది.

అన్నిటికంటె నాకిష్టమైనయి తండ్రి మీద రాసిన పద్యాలు. ‘బుక్ ఎండ్స్’ల తల్లి చనిపోయిన రోజు తండ్రీకొడుకులు మాట లేక కూసుంటరు. వాళ్ల నడుమ అడ్డముండేది కొడుకు చదివిన పుస్తకాలే. ‘లాంగ్ డిస్టెన్స్’ల భార్య పోయి రెండేండ్లయినా ఆ ముసలాయన ఆమె చెప్పులు వెచ్చజేసి పెడతడు, ఆమె బస్సు పాసు కొత్తది చేయిస్తడు. చివరికి తండ్రీ పోయినంక, చదువుకున్న కొడుకు ఆ తెగిపోయిన ఫోన్ నంబరుకే ఇంకా ఫోన్ చేస్తుంటడు.

నేను డిగ్రీ చదివి ఇంటికి పోతే మా నాయిన ఆరె, రంపె పక్కకు పెట్టి, నాకు కుర్చీ ఏసి తాను కింద కూసునేటోడు. దొరకు ఏసినట్టు. ఏం మాట్లాడాల్నో ఇద్దరికీ తెల్వకపోయేది. మన మొదటి తరం చదువుల గురించి సన్మాన సభల్ల ఎవరూ చెప్పని సంగతి ఇది.

అయితే హారిసన్‌తో నాకు పేచీ కూడా ఉంది. యాస దిద్దుకుంటే ఇంగ్లండుల పంతులు నోరు మూసుకుంటడు. నేనెంత గ్రాంథికం మాట్లాడినా, కిరాయి ఇల్లు అడిగితే “మీరేమిట్లు?” అనే అంటరు. నాలుక మారినా కులం మారదు. ఆయన పద్యాలు ఆ గడప దాకనే వస్తయి. అవతలిది మనమే రాయాలె.

1987లో ఆయన ‘వి’ పద్యాన్ని టీవీల చూపితే, బూతులున్నయని పత్రికలు గోల జేసినయి. గని కార్మికుల సమ్మె నాటి కోపం అందుల ఉన్నదని అన్నోళ్లు తక్కువ. దళిత కవిత్వం చూసి ముక్కు మూసుకునేటోళ్లు మనకూ ఎరుకే.

నా క్లాసుల పిల్లలు తమ యాసలనే పద్యం చదువుతరు. నేను మధ్యల ఆపను. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఇండ్లల్ల నోరు తెరువకుండ పోయినోళ్ల పేర్లు ముందు రాసి పెట్టుండ్రి. ముసలోళ్లు బతికున్నప్పుడే వాళ్ల పక్కన కింద కూసోని అడుగుండ్రి.