పిల్లి సరే, పిల్లలెప్పుడు?

కొండాపూర్‌లో మాది సింగిల్ బెడ్రూం ఫ్లాటు. అద్దె కట్టేది మేమిద్దరం, పెత్తనం మాత్రం బుజ్జిది. బుజ్జి అంటే మా పిల్లి లెండి. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ దానిదే. నేను కోడు రాస్తుంటే వచ్చి కీబోర్డు మీద పడుకుంటుంది. "పాపం, లేపొద్దు" అంటుంది మా ఆవిడ. డెడ్‌లైన్ సంగతి ఎవరిక్కావాలి!

మొన్న మా పెద్దత్తయ్య ఊర్నుంచి వచ్చి, దానికి చక్కెర వేసి పాలు పెట్టింది. "పిల్లులకి తీపి తెలీదత్తయ్యా, ఆ రుచిని పట్టే జన్యువు వాటిలో పనిచెయ్యదని 2005లోనే తేల్చారు. పెద్దయ్యాక చాలావాటికి పాలు కూడా అరగవు" అన్నాను.

"ఇన్ని తెలుసు గానీ, పిల్లి సరే, పిల్లలెప్పుడురా?" అంది.

ఆవిడకి తెలీదు. పోయినేడు ఆస్పత్రి నుంచి మేం ఉత్త చేతుల్తో తిరిగొచ్చాం. ఆ తర్వాత మా ఆవిడ మంచం దిగలేదు, నాతో కూడా మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే తిండి కోసం అరిచి అరిచి ఆమెని లేపింది బుజ్జే. దాని గిన్నె నింపడానికి లేచిన మనిషి, మెల్లగా తనూ తినడం మొదలెట్టింది.

కాబట్టి గారాబం ఎక్కువైందని నవ్వుకోండి, పర్లేదు. ఆ రెండో ప్రశ్న మాత్రం ఏ ఇంట్లోనూ అడక్కండి.