తొలకరి పడితే... వజ్రాల వేట!

తొలకరి జల్లు పడిందంటే చాలు... కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో జనం బారులు తీరతారు. చూపంతా నేలమీదే! వానకు పైమట్టి కొట్టుకుపోయి బయటపడే వజ్రం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పక్కనున్న అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ ఇదే సందడి. అక్కడి భూగర్భంలోని కింబర్లైట్ శిలలే వజ్రాలకు పుట్టిల్లు.

అయితే తళుక్కుమన్నదల్లా వజ్రం కాదు. ఎండపడితే పలుగురాయీ మెరుస్తుంది. మరి తేడా తెలిసేదెలా? మోస్ కొలమానంలో పలుగురాయి కాఠిన్యం 7. కెంపు, నీలాలది 9. వజ్రానిది 10. అంటే వజ్రం మీద పలుగురాయితో గీత పడదు. అలాగని సుత్తితో కొట్టి చూస్తే మాత్రం వజ్రమూ పగులుతుంది! బరువులోనూ తేడా ఉంది. పలుగురాయి నీటికన్నా 2.65 రెట్లు బరువైతే, వజ్రం 3.5 రెట్లు.

ఒకప్పుడు రత్నాలను గురివింద గింజలతో తూచేవారు. ఇప్పుడు క్యారెట్ లెక్క. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అయిదు క్యారెట్లు ఒక గ్రాము. ప్రపంచమంతా చెప్పుకునే కోహినూర్ 105.6 క్యారెట్లు... అంటే 21 గ్రాముల పైచిలుకే!

రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ ధరా పెరుగుతుంది. చిటికెడు బరువు తగ్గించి చెప్పినా నష్టం వేలల్లోనే. రోజంతా నడుం వంచి వెతికిన కూలీ చేతిలో త్రాసు ఉండదు, కొనేవాడి మాటే తూకం. అందుకే ఆ చేలల్లో అదృష్టం వరించినవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ధర కాదు... బరువు!