కాగితం మీద పెద్దమ్మ పేరు

మా పెద్దమ్మ పేరు మీద ఉన్న ఆస్తి ఒక్కటే. 1996 మోడల్ మారుతి 800. మామిడికుదురులో ఇల్లు పెదనాన్న పేరున ఉండేది, ఆయన తర్వాత అన్నయ్య పేరుకి మారింది. ఆమె కువైట్ నుంచి పంపిన డబ్బుతో కొన్న అరెకరం కొబ్బరితోట కూడా మగవాళ్ళ పేరునే రాయించారు. కారు కొన్నది 2003లో. అప్పటికి ఆమె శాశ్వతంగా తిరిగొచ్చేసి ఊళ్ళోనే ఉండటంతో సంతకం ఆమే పెట్టింది. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళ పాటు, 2017లో పోయేదాకా, ఆ కారులో వెనక సీట్లోనే కూర్చుంది. తాళంచెవి ఎవరి జేబులో ఉండేదో నేను వేరే చెప్పక్కర్లేదు.

మా కోనసీమ నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. అక్కడ వాళ్ళని పిలిచే 'ఖద్దామా' అనే మాట ఇప్పుడు మా ఊళ్ళ తెలుగులో భాగం. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు తిరిగొచ్చిన దాదాపు లక్షా డెబ్భై వేల మంది భారతీయుల్లో పెద్దమ్మ ఒకతె. మళ్ళీ వెళ్ళింది. ఇంటిపనివాళ్ళకి రోజుకి పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ కువైట్ చట్టం చేసింది 2015లో. అంటే ఆమె అక్కడున్న సంవత్సరాలన్నిటికీ ఏ హద్దూ లేదు. ఆ గంటలు కరిగి ఈ రేకుగా, ఈ ఇంజనుగా మారాయి. అందుకే ఆమె పోయాక అన్నయ్య "తుక్కుకి ఇచ్చేద్దాం, షెడ్డు ఖాళీ అవుతుంది" అన్నప్పుడు, ఇంకేమీ అడగని నేను ఆ కారు అడిగాను. యజమాని చనిపోయినప్పుడు బండి మార్పించుకోడానికి ఫారం 31 అని ఒకటుంది. అది నింపాను. అన్నయ్య నవ్వి సంతకం పెట్టాడు.

అసలు కథ అక్కడ మొదలైంది. బండి నా పేరు మీదకి వచ్చింది గానీ బండి గురించిన మాట మాత్రం నా దగ్గరికి రాలేదు. షెడ్డుకి తీసుకెళితే మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలికి చూసి, నావైపు తిరక్కుండానే అనేవాడు: "సార్ ఫోన్ నంబరివ్వండి మేడంగారూ, ఆయనతో మాట్లాడతాను."

"బండి నాదేనండీ. నాతో చెప్పండి."

"ఆయ్, మీదేనండి. అయినా సారికి చెబితే అర్థమవుద్దండి."

ఆయనకి నామీద కోపం లేదు, అగౌరవమూ లేదు. కుర్చీ వేసి, కొబ్బరిబొండాం తెప్పించేవాడు. మర్యాద ఎంత ఎక్కువగా ఉంటే సమాచారం అంత తక్కువగా ఉంటుందని ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను. ఇది మనకి కొత్తదేమీ కాదు. బ్యాంకులో, ఆస్పత్రిలో, సర్వే ఆఫీసులో ఇదే కుర్చీ మనకోసం ఉంటుంది. తెలుసుకోవలసిన అవసరం నుంచి మనల్ని కాపాడేస్తారు.

పానాలు కొనుక్కున్నాను. ఒక రింగ్ పానాల సెట్టు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక ఫీలర్ గేజి, ఉప్పుకాగితం. పని నేర్పింది మాత్రం ఇంకో షెడ్డులోని ముసలి మేస్త్రి. ఆయన పదో ఏట పనిలో చేరి, తప్పు చేసినప్పుడల్లా పానాతో దెబ్బలు తిని నేర్చుకున్నాడు. "మాకు చదువు లేక ఈ పనండి, తమరికెందుకండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. షెడ్డు మగవాళ్ళ రాజ్యమని మనం సులువుగా రాసేస్తాం. ఆ రాజ్యంలో బడి మానేసిన పిల్లల బాల్యం కూడా గ్రీజులో కలిసిపోయిందని మరిచిపోతాం. నాకు తెలియనివ్వని విద్య ఆయనకి బలవంతంగా అంటించిన విద్య. ఈ రెండూ ఒకే వ్యవస్థ చేసిన పనులు. అందుకే ఆయన నేర్పిన ప్రతి రోజుకీ ఆ రోజు కూలి లెక్కగట్టి ఇచ్చాను. గురుదక్షిణ అనే మాట వాడలేదు.

పని గురించి కొంచెం చెప్పాలి. ఇది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. ఇందులో కంప్యూటర్ లేదు, అన్నీ కంటికి కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే రెండు చిన్న కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి. అవి విడిపోయే క్షణంలోనే కాయిల్‌లో వోల్టేజి పుట్టి ప్లగ్గుకి నిప్పురవ్వ అందుతుంది. వాటి మధ్య ఎడం అర మిల్లీమీటరు దాటకూడదు. పాయింట్లు నల్లబడితే బండి తుమ్ముతుంది, ఎత్తు ఎక్కదు. అమలాపురం వెళుతూ పాశర్లపూడి దగ్గర వైనతేయ వంతెన ఎక్కేటప్పుడు ఆ తుమ్ము నాకు స్పష్టంగా వినపడేది. ఆ వంతెన రాకముందు అక్కడ పడవ దాటేవాళ్ళం. ఇప్పుడది నా ఇంజనుకి పరీక్ష పెట్టే చోటు.

కార్బొరేటర్ విప్పిన రోజు నాకు చాలా ఆశ్చర్యమేసింది. అందులోని జెట్, మా అమ్మ రోజూ పిన్నుతో పొడిచి శుభ్రం చేసిన పంపు స్టవ్ నిపుల్‌కి చెల్లెలు. సన్నటి రంధ్రం, దానిలోంచి ఇంధనం, గాలితో కలిసి మంట. తేడా ఒక్కటే: జెట్‌లో పిన్ను పెట్టకూడదు, రంధ్రం పెద్దదైపోతుంది, గాలి ఊదాలి. ఫ్యాన్ బెల్టు వెట్ గ్రైండర్ బెల్టులాంటిది, వదులైతే జారి అరుస్తుంది. గ్యాస్కెట్ అంటే కుక్కర్ వాడిన ఎవరికి తెలియదు? ఆడవాళ్ళకి యంత్రాలు తెలియవంటారు. వంటింట్లో ఉన్నప్పుడు వాటిని యంత్రాలని పిలవరు, అంతే.

బెర్తా బెంజ్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1888 ఆగస్టులో ఆమె భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన బండిని మాన్‌హైమ్ నుంచి ఫోర్త్‌సైమ్‌కి నూరు కిలోమీటర్లకి పైగా నడిపింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తీసింది. తీగ ఒరుసుకుంటే తన గార్టర్ చుట్టింది. బ్రేకులు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. పెళ్ళికి ముందే ఆమె కట్నం డబ్బు ఆ వర్క్‌షాపులో పెట్టుబడి అయింది. పేటెంటు మీద మాత్రం పేరు కార్ల్ బెంజ్‌ది. జర్మనీలో కట్నం, కోనసీమలో కువైట్ జీతం!

సామాను వెతకడం వేరే చదువు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా లక్షల్లో అమ్ముడైన బండి కాబట్టి ప్లగ్గులు, పాయింట్లు, ఫిల్టర్లు, క్లచ్ కేబులు అమలాపురంలోనే దొరుకుతాయి. కొట్టువాడి మొదటి ప్రశ్న "కార్బొరేటరా, ఎంపీఎఫ్‌ఐయా?" జవాబు తడుముకోకుండా చెబితే రెండో ప్రశ్న సార్ గురించి రాదు. తలుపు బీడింగులు, అద్దం తిప్పే హ్యాండిళ్ళ కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. పాత ముక్కని సంచిలో పెట్టుకుని వెళ్ళాలి, పక్కన పెట్టి కొలిచి చూసుకోవాలి. చీరకి జాకెట్టు గుడ్డ వెతికే ఓపికే అక్కడ పనికొచ్చింది. ఈ20 పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడుతున్నాయేమో చూసుకోవడం ఇంకో కొత్త పని.

ఇంజను కంటే రేకు కష్టం. సముద్రం దగ్గర ఊళ్ళు మావి, ఉప్పుగాలి ఇనుముని వదలదు. 2022 జులై గోదావరి వరదకి మా పెరట్లోకి నీళ్ళొచ్చాయి. తలుపుల అడుగున నీరు పోవడానికి ఉండే రంధ్రాలు బురదతో మూసుకుపోయి, లోపల్నుంచి తుప్పు పట్టింది. సీట్లు, చాప తీసి చూస్తే డ్రైవరు కాళ్ళకింద నేల కనిపించింది. తుప్పు గీకి, ఉప్పుకాగితం పట్టింది నేను. కొత్త రేకు వెల్డింగు చేసింది మేస్త్రి. దానిమీద రెడ్ ఆక్సైడ్ పూసింది మళ్ళీ నేను. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో భర్త పక్కన నిలబడి లారీ టైర్ల పని, వెల్డింగు నేర్చుకున్న ఆదిలక్ష్మి గురించి 2021లో పత్రికల్లో చదివాను. ఆమెకది ఇల్లు గడిచే దారి. నాకున్న తీరికా, జీతమూ ఆమెకి లేవు. ఈ తేడా చెప్పకుండా నా నల్లబడిన చేతుల గురించి రాయడం న్యాయం కాదు.

పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దాని రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000 అయింది. ఇరవై యేళ్ళు దాటిన వాటికి 2025లో మళ్ళీ పెంచారు. ఈ బండికి 2026లో గడువు. "బండి ఖరీదు కంటే బాగుచేయించిన ఖర్చే ఎక్కువయింది కదే" అంటాడు అన్నయ్య. లెక్క ఆయన చెప్పినట్టే ఉంది, నేను కాదనను.

మన రాష్ట్రం 1986లోనే కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. పేరు కోసం చేసిన ఆ పోరాటం చిన్నది కాదు. కానీ పెద్దమ్మకి పేరు ఉంది. లేనివి తాళంచెవి, బానెట్ ఎత్తే ధైర్యం, ఏది చెడిందో అడిగితే జవాబు చెప్పే మనిషి. ఆస్తిని వాడే విద్య చేతిలో లేనప్పుడు పేరు కాగితం మీదే ఉండిపోతుంది, దాన్ని ఇంకెవరో నడుపుతారు. తోటకి నీళ్ళు పెట్టే మోటారు, బ్యాంకు పాస్‌వర్డు, పొలం హద్దురాళ్ళు, వీటిలో ఎన్ని మన పేరున ఉండి మన చేతిలో లేవో ఒకసారి లెక్క రాసుకుంటే మంచిది. నా పాత నోటుబుక్కులో ఇప్పుడు ఒక పేజీ పాయింట్ల ఎడానికి, ఒక పేజీ కొట్ల ఫోన్ నంబర్లకి ఉంది. తర్వాతి పేజీ మీద కొబ్బరితోట సర్వే నంబరు రాశాను.