కడుపునొప్పి ఆదివారాలు

పొద్దున పదికల్లా గేటు ముందు ఆటోలు బారులు తీరాయి. పాలమూరు నుంచి కోయిలకొండ వైపు పోయే దారిలో, గుండ్ల గుట్టల నడుమ ఉన్న ఆడపిల్లల హాస్టల్ అది. నెలకోసారి అమ్మానాన్నలు వచ్చే ఆదివారం కావడంతో వేపచెట్ల కింద జాగా దొరకడం లేదు. తువ్వాళ్లు పరిచి టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. జొన్నరొట్టె, కోడికూర వాసన.

వరండాలో పది పన్నెండు మంది పిల్లలు గోడకానుకుని కూర్చున్నారు. ఒళ్లో పుస్తకాలు తెరిచే ఉన్నాయి. ఒక్కరూ పేజీ తిప్పడం లేదు.

"వీళ్లవాళ్లు రారు మేడం. బొంబయి, పుణె పోయిండ్రు," అన్నారు వార్డెన్.

పాలమూరు కూలి లేని ఆనకట్ట లేదని పెద్దలు గొప్పగా చెబుతారు. ఆ గొప్ప వెనక ఇంట్లో మిగిలిన పిల్లల మాట ఎవరూ ఎత్తరు. 1993లో ఇక్కడి నుంచి ముంబైకి వారానికి ఒకే బస్సు ఉండేదని, పదేళ్లకు అవి 34 అయ్యాయని పాత్రికేయుడు పి. సాయినాథ్ 2003లో రాశారు. అప్పుడు ఆ బస్సుల్లో చంకనెక్కి పోయిన పిల్లలే ఇప్పుడు తల్లులై, తమ బిడ్డలనైనా చదువుకోనివ్వాలని ఇక్కడ వదిలి వెళ్తున్నారు. తప్పెవరిదని అడగను? వాళ్లది కాదనే నా లెక్క.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నా పక్కన కూర్చుంది. తమ్ముడు ఊళ్లో అవ్వ దగ్గరున్నాడట. అవ్వకు కళ్లు సరిగా కనబడవు. బియ్యం తెచ్చుడు, తమ్మునికి ఫీజు కట్టుడు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో ఎంత తీరింది, ఎంత మిగిలింది, అన్నీ దానికి తెలుసు. పద్నాలుగేళ్లకే ఇంటిపెద్ద. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడుతో నడుం వంగిన తల్లిదండ్రులకు ఆసరా అయిన పిల్లల్లోనూ ఇదే ముదురుతనం చూశాను. "ఎంత బుద్ధిమంతురాలో" అని మనం మెచ్చుకునేది దాన్నే.

"ఆదివారం సాయంత్రమైతే కడుపునొప్పి కేసులు ఎక్కువ," అన్నారు వార్డెన్. డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నారట. పది నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఏడుగురికి ఒకరు మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ కడుపునొప్పులు ఆ లెక్కలోకి ఎక్కుతాయా? గోడ మీద మానసిక సాయం అందించే టెలీమానస్ హెల్ప్‌లైన్ పోస్టరుంది, 14416 అని పెద్ద అంకెలతో. పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదన్న నోటీసు దాని పక్కనే ఉంది.

మధ్యాహ్నం చెట్టు కింది నుంచి ఒకామె కేకేసింది: "ఏయ్ బిడ్డా, నువ్వు గూడ రా. మా పిల్ల జట్టే గదనే." నా పక్కనున్న పిల్ల మొహమాటపడుతూనే వెళ్లింది. ఒక రొట్టె తిన్నది.

తర్వాత ఆఫీసు ఫోనులో అమ్మతో మాట్లాడింది. అవతల కాంక్రీటు మిల్లరు రొద నాకూ వినిపిస్తోంది.

"బాగున్న అమ్మా. కోడికూర తిన్న."

"మేం గూడ మంచిగున్నం బిడ్డా. పీర్ల పండుగకొస్తం."

నాయన మేడ మీద కాలు జారి వారంగా పనికి పోవడం లేదని అంతకుముందే వార్డెన్‌కు తెలిసింది. కూతురికి చెప్పొద్దన్నారట. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని కూతురూ తల్లికి చెప్పలేదు.

సాయంత్రం నర్సు గది ముందు ఆరుగురు నిలబడ్డారు. వాళ్లలో ఆ పిల్లా ఉంది. మాత్ర తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది, వేసుకోలేదు.

"కొంచెంసేపు ఈన్నే కూసోనా మేడం?" అని అడిగింది.