పెన్న పడమటికి పారితే

ఫిబ్రవరి 4, ప్రొద్దుటూరు

పద్యాల మీద మోజున్న మేమంతా కూడే ఆదివారం. సమస్య ఇచ్చే వంతు నాది. తేటగీతి పాదం ఒకటి ఇచ్చాను: ‘పెన్న పడమటి దిక్కుకుఁ బెరిగి పాఱె.’ రిటైరైన తెలుగు పండితులొకాయన ఒప్పుకోలేదు. “యాడన్నా పెన్న పడమటికి పారుతుందా నాయనా? నందికొండల్లో పుట్టి బంగాళాఖాతంలో కలిసే ఏరది. జరగని మాటలతో పొద్దుపుచ్చేదానికా మనం కూడేది? కరువు మీద రాయించు, వలసల మీద రాయించు.” ఆయన సీమ మీద ప్రేమతోనే అన్నారు. అందుకే ఆ మాట బాగా తగిలింది.

ఫిబ్రవరి 6

దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ఊరు ఇది. సి.వి. సుబ్బన్న శతావధాని ఊరూ ఇదే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటే, అందులో అప్రస్తుత ప్రసంగానికే ఒక కుర్చీ ఉంటుంది. సంబంధం లేని ప్రశ్నలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆయన పని. సమస్యాపూరణ ఇంకా కఠినం. చీమ ఏనుగును మింగిందన్నా సరే, ఇచ్చిన పాదాన్ని మార్చకుండా, యతి తప్పకుండా అర్థం కుదర్చాలి. అసంభవానికి ఇంత మర్యాదగా పీట వేసిన విద్య మరొకటి నాకు కనబడలేదు.

ఫిబ్రవరి 11, నంద్యాల

పింగళి సూరన ఇక్కడి నంద్యాల కృష్ణరాజుకే ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చాడు. పదహారో శతాబ్దం. పురాణాల నుంచి కథ తెచ్చుకోవడమే రివాజైన రోజుల్లో కొత్త కథ కల్పించాడు. అందులో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు, చెప్పినది చెప్పినట్టు భూమ్మీద జరుగుతుంది. సూరననూ ‘జరగనిది ఎందుకు’ అని ఆపి ఉంటే ఆ కావ్యమే లేదు.

ఫిబ్రవరి 18, ప్రొద్దుటూరు

ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు పూరణ తెచ్చాడు. కాగితం మడతల్లో సగం అక్షరాలు చెరిగిపోయినా చూడకుండానే చదివాడు:

గండికోటను నిలిచిన గంగ నెత్తి
మోటరులు రేయుఁబవలును మోయుచుండఁ
గరవు నేలల దాహమ్ము కడకుఁ దీఱఁ
బెన్న పడమటి దిక్కుకుఁ బెరిగి పాఱె

ఎవరూ ఊహించలేదు. నిజమే కదా! గండికోట జలాశయం నుంచి నీళ్లు ఎత్తి పడమటనున్న చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు పంపుతున్నారు. చిత్రావతి తానే వచ్చి పెన్నలో కలిసే ఏరు. కిందికొచ్చిన నీళ్లు మళ్లీ ఎగువకు పోతున్నాయి. శ్రీశైలం నుంచి కాలువల్లో కృష్ణ నీళ్లు కూడా అదే గండికోటకు చేరతాయి. మా తాతల కాలంలో ఈ మాట సమస్యగా తప్ప మరోలా చెల్లేది కాదు.

‘మోటరులు’ దగ్గర పండితుల వారు కనుబొమలెత్తారు. పద్యం అయ్యాక మాత్రం కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి “యతులన్నీ నిలబడినాయిరా అబ్బయ్యా” అన్నారు. కరువు మీద రాయమన్న ఆయన కోరిక కూడా మూడో పాదంలో తీరింది. సూటిగా కరువు మీద రాయమని ఉంటే ఆ కుర్రాడు పత్రికల్లో వాడి వాడి అరిగిన మాటలే తెచ్చేవాడని నా నమ్మకం.

ఫిబ్రవరి 19

ఏ ఊహైనా చెల్లుతుందని నేననను. బూతు ధ్వనించేలా పాదం కట్టి అవధానిని ఇరుకున పెట్టాలనుకునే వాళ్లున్నారు. అది కల్పన కాదు, అల్లరి. తన దగ్గర ఒక పూరణైనా లేకుండా సమస్య ఇవ్వడమూ తప్పే. ఊహ ఎంత దూరమైనా పోనీ, ఇచ్చినవాడు దానికి పూచీ పడాలి.

ఫిబ్రవరి 25

వచ్చే కూటమికి సమస్య ఇచ్చే వంతు ఆ కుర్రాడిదే అని తీర్మానించాం. పెద్దలకు నాదొక మనవి: వాడేమిచ్చినా ‘ఇది జరిగేదేనా’ అని ముందే అడగొద్దు. ఛందస్సు సరిపోయిందా, పూరణకు దారుందా, ఆ రెండే చూడండి.